కుగ్లుక్‌టుక్ నుంచి యెల్లోనైఫ్‌కి గంటన్నర

యెల్లోనైఫ్,
నవంబరు 16

ప్రియమైన మేవిస్ అక్కకి,

నీ చెల్లెలు లోర్నా రాస్తున్నది. ఇంటిల్లిపాదీ కులాసాగా ఉన్నారని తలుస్తాను. బావ పంపిన ఎండు చేప అందింది. ముందు నువ్వు అడగబోయేది చెబుతాను: బాబు బాగున్నాడు. నిన్న ఊపిరి గొట్టం తీసేశారు. వాడి ఏడుపు వార్డంతా వినబడుతోంది. శనివారం నువ్వు వచ్చేసరికి ఒళ్లోకి ఇస్తారట.

ఆ రోజు విమానంలో బాబుని వెచ్చగా ఉంచే పెట్టె పట్టేసరికి నీకు చోటు లేకపోయింది. దారిలో ఏం జరిగిందో ఫోనులో సరిగా చెప్పలేకపోయాను.

మన ఊరి నుంచి ఇక్కడికి ఆరువందల కిలోమీటర్లు, గంటన్నర. విమానంలో నర్సుగా నాలుగేళ్ల నుంచి రోగుల్ని తీసుకుని ఆ దారిలో తిరుగుతున్నాను. బాబుకి ఊపిరి సరిగా ఆడడం లేదు గనక మాస్కు పెట్టి, రబ్బరు తిత్తి నొక్కుతూ నేనే గాలి అందించాలి. రెండో ఆక్సిజన్ సిలిండరు మీ దగ్గరికి వచ్చే ముందే ఇంకో రోగికి వాడేశాం. ఉన్నదాంట్లో ఆక్సిజన్ గంటా నలభై నిమిషాలకి వస్తుంది. చాలుననుకున్నాం.

ఇరవై నిమిషాలు గడిచాయో లేదో ఎదురుగాలి అందుకుంది. ఇంకెంతసేపని పైలట్ వెర్నన్‌ని అడిగాను. అతను లెక్క చూసి, మొత్తం రెండు గంటలు పడుతుందన్నాడు. వెనక్కి పోదామంటే మన ఊరిని అప్పటికే మంచు కమ్మేసిందట.

ఎత్తు తగ్గించి కిందకి దిగితే గాలి జోరు తగ్గుతుంది. కానీ మబ్బులో రెక్కలకి మంచు పట్టేస్తుంది. నా భయం అతనికి తెలిసినట్టుంది.

"నీ చేతిలో పని నువ్వు చూడు. రెక్కల సంగతి నాకొదిలెయ్" అన్నాడు.

దిగాం. చేటలో గింజల్లా ఎగిరిపడ్డాం. ఒక చేత్తో మాస్కు అదిమిపట్టి, రెండో చేత్తో తిత్తి నొక్కుతూనే ఉన్నాను. ఐదేసి నిమిషాలకి అతను మిగిలిన దూరం చెప్పేవాడు. రెండువందల పది. నూట ఎనభై ఐదు. సిలిండరు ముల్లు సున్నాకేసి వాలుతోంది.

యెల్లోనైఫ్ ఇంకా కనబడకముందే అది ఖాళీ అయిపోయింది. మిగతా దారంతా తిత్తిలో ఉత్త గాలే. నేలమీద వాలేసరికి గంటా యాభై ఐదు నిమిషాలు. డాక్టరు విమానంలోకే వచ్చి బాబుని అందుకుని, గుండె కొట్టుకుంటోందన్నాడు. నా వేళ్లని ఇంకెవరో విడదీయాల్సి వచ్చింది.

జాగ్రత్తగా రా. అమ్మ కుట్టిన బొచ్చుకోటు తెచ్చుకో, దాని వీపు సంచిలో బాబుని వేసుకుందువుగాని.

నీ చెల్లెలు,
లోర్నా

తా.క. బాబుకి నా పేరే పెడదామని అమ్మ అందట, బావ చెప్పాడు. పేరుకి ఆడామగా లేదనీ, పేరుతోపాటు ఆ మనిషి గుణమూ వస్తుందనీ అంటారు కదా మనవాళ్లు. అందుకని ఇది నీకు తెలియాలి. సిలిండరు ఖాళీ అయ్యాక వాడు నీలంగా అయిపోయాడు. గుండె చప్పుడు నాకు వినబడలేదు. నొక్కడం ఆపేశాను. పోయాడని చెప్పాను. వెర్నన్ తల తిప్పలేదు.

"నాకింకా పదకొండు నిమిషాల దారి ఉంది లోర్నా. దిగేదాకా వాడు బతికున్నట్టే. నొక్కు" అన్నాడు.

మళ్లీ మొదలుపెట్టాను. ఎంతసేపు ఆపానో తెలియదు. ఆపిన మాట డాక్టరుకి ఆ రోజే చెప్పాను, నీకే చెప్పలేకపోయాను. పెడితే వెర్నన్ పేరు పెట్టండి. శనివారం విమానాశ్రయంలో నిన్ను ఎక్కించుకోవడానికి నన్ను రమ్మంటావో, ఇంకెవరినైనా పంపమంటావో, ఇది చదివాక ఒక్క మాట ఫోను చెయ్యి.