ముస్తాంగ్‌కు కాటుక చుక్క

ఉమ్ అల్ క్వైన్
ఫిబ్రవరి 2023, సోమవారం

ఖుర్షీదా అక్కకు తమ్ముడు ఖాదర్ హుస్సేన్ సలాములు.

ఫోన్లో నా మాట చివరిదాకా నువ్వు విన్న రోజు ఒక్కటీ లేదు. అందుకే రాస్తున్నాను. కడిగిన క్యారియరుతో పాటు ఈ కాగితం రహమతుల్లా బావ చేతికిస్తాను. రోజూ మీ రోలా నుంచి ఇక్కడికి వ్యాను తోలే మనిషి, మన ఉత్తరాలు మోయడం ఆయనకో లెక్క కాదు.

బండి పని అయిపోయింది అక్కా. ఖలాస్. నా సొంత డబ్బుతో కొన్నది, అమెరికా నుంచి కంటైనర్లో తుప్పు ముద్దగా దిగిన 1969 ముస్తాంగ్ ఇప్పుడు మా గ్యారేజీ మూలన నిలబడి ఉంటే, టీ తెచ్చే ఆయన గ్లాసులు పక్కన పెట్టి మరీ చూస్తున్నాడు. గ్యారేజీ నడిపే మా ముదీర్ అయితే "ఖాదర్, ఇది నువ్వే చేశావా" అని పదేపదే అడిగాడు. పాత అమెరికా బండ్ల డెంటింగు నా అంత బాగా చేసేవాడు ఈ దేశంలో లేడని నేను అనడం లేదు. ఉంటే చూపించమంటున్నాను.

శుక్రవారం జుమా తర్వాత సముద్రం పక్క మైదానంలో పాత బండ్ల ప్రదర్శన. కొనేవాళ్లందరూ అక్కడికే వస్తారు. మన బండి అక్కడ అమ్ముడుపోవాలి. మా వీధి చివర అద్దెకున్న షట్టర్ షాపు సంగతి నీకు తెలుసు. నెలాఖరులోగా అడ్వాన్సు ఇస్తే అది నాది, లేకపోతే దాని కోసం కాచుకుని ఉన్న టైర్లవాళ్లది. ఇన్నేళ్లుగా ఇంకొకరి షెడ్డులో సుత్తి కొడుతున్నాను. నా సొంత షట్టర్ ఒకటి ఎత్తాలని ఉంది.

చిక్కేమిటంటే ఆ రోజు ముదీర్ బండ్లు కూడా మైదానానికి వస్తున్నాయి. అవి ఆ చివర, నా డ్యూటీ వాటి దగ్గర. మన బండి దగ్గర నువ్వు కూర్చోవాలి. ఎవరైనా అడిగితే నీకు వచ్చిన హిందీలో నాలుగు మాటలు చెప్పు. దాని గురించి నీకు తెలియనిది ఏముంది. సెలవు రోజు నీ ఇంట్లో అన్నం తింటూ నేను మాట్లాడేది దాని గురించే కదా.

నీ తమ్ముడు,
ఖాదర్

తా.క. బిర్యానీ తెస్తే తే. గిన్నె మాత్రం బానెట్ మీద పెట్టొద్దు.


రోలా, బుధవారం

తమ్ముడు ఖాదరుకు అక్క దువా.

వస్తాను. నువ్వు పిలవకపోయినా వచ్చేదాన్నే. అంత సొగసైన వస్తువును జనం మధ్యలో ఒంటరిగా వదిలేద్దామనుకున్నావా, నీకు బుద్ధి ఉందా. ఊరంతటి కళ్లూ దాని మీదే పడతాయి. మొన్న పక్క ఫ్లాటు షహజాదీకి నీ బండి ఫోటో చూపించాను. "అబ్బ, ఎంత బాగుండాదో" అనింది. ఆ మర్నాడే మా మిక్సీ కాలిపోయింది. బండికి తగలాల్సింది మిక్సీకి తగిలిందిలే అని సర్దుకున్నాను.

నాకు అప్పగించావు కాబట్టి ఇక నువ్వు నిశ్చింతగా మీ ముదీర్ బండ్లు కాచుకో. నేనున్నంతసేపు నీ బండికి ఏమీ కాదు. ఏ దిష్టి ఎట్లా తీయాలో నాకు ఒకరు నేర్పక్కర్లేదు.

అక్క,
ఖుర్షీదా

తా.క. వెనక బంపరుకు కట్టడానికి మీ బావ తెగిన చెప్పు ఒకటి తీసి పెట్టాను. దాని జత అడగొద్దు, రెండోది ఆయన ఇంకా వేసుకుంటున్నాడు.


ఉమ్ అల్ క్వైన్, శనివారం

అక్కకు సలాములు. ఈ రోజు సలాములు రాయబుద్ధి కావడం లేదు, అమ్మ నేర్పింది కాబట్టి రాస్తున్నాను.

నువ్వు చేసిన ఘనకార్యం నాకు మైదానం ఆ చివరకే వచ్చి చేరింది. మొదట వచ్చినవాడు నవ్వుతూ, "మీ అక్క ఆ బండి కొనొద్దంటోంది" అన్నాడు. నేను నమ్మలేదు. తర్వాత వచ్చినవాడు అబుదాబి నుంచి పనిగట్టుకుని వచ్చిన మనిషి. అతను బండి చాలా బాగుందన్నాడట. నువ్వేమో "క్యా అచ్ఛా హై సాబ్, డబ్బా హై" అన్నావట. అంతటితో ఆగావా. ఇంజను దీని సొంతది కాదు, ఇంకో బండిలోది అన్నావు. కుడి మడ్‌గార్డు అడుగున పుట్టీ పెట్టారన్నావు. ఎడమ తలుపు ఎత్తి వేయకపోతే పడదన్నావు, వేసి కూడా చూపించావు. ఇంత పెట్రోలు తాగే బండిని బుద్ధి ఉన్నవాడు కొనడన్నావు.

నేను పరుగెత్తుకుంటూ వచ్చేసరికి చుట్టుపక్కల కొనేవాళ్లు ఒక్కరూ లేరు. బానెట్ మీది తెల్ల పట్టీ నడిమధ్యన కాటుక చుక్క. వెనక బావ చెప్పు ఊగుతోంది. బండ్లకు మార్కులు వేసే పెద్దమనిషి ఆ చెప్పును ఏ పద్దు కింద రాసుకోవాలని నన్నే అడిగాడు.

కోపం వచ్చింది అక్కా. ఏడుపు కూడా వచ్చింది. షాపు ఇంక టైర్లవాళ్లదే.

ఖాదర్

తా.క. నీ తిండి నాకు వద్దు, క్యారియర్ తిప్పి పంపుతున్నాను. పై గిన్నెలో ఖీమా ఉందని తెలియక మూత తీశాను. అది మాత్రం అయిపోయింది.


రోలా, ఆదివారం

తమ్ముడికి అక్క దువా. నువ్వు అలిగినా దువా దువానే.

రాయచోటిలో నువ్వు పుట్టినప్పుడు వీధి వీధంతా చూడటానికి వచ్చింది. "బిడ్డ ఎంత ముద్దుగా ఉండాడో" అన్నారు. అమ్మ ఏమనింది? "యాడ ముద్దు, రేయంతా ఏడుపే, ఆ మొగం చూడు కోతిపిల్ల మాదిరి" అనింది. వచ్చిన ప్రతి మనిషితోనూ అదే మాట. అందుకే నువ్వు ఇంతవాడివయ్యావు. ఎవరో వచ్చి బాగుందంటే "అవును, బాగుంది" అని ఒప్పుకునే ఇల్లా మనది?

పైగా నన్ను తిడుతున్నావు గాని, నిన్న కాక మొన్న నీ బండి ముక్కలు కాకుండా కాపాడింది నేనే. మాసిన కందూరా అంగీ, అరిగిన చెప్పులు వేసుకుని ఒక ముసలాయన వచ్చాడు. బండి కిందికి దూరాడు. రేకంతా వేళ్లతో తట్టి చూశాడు. ఏ భాగం ఎక్కడిదో ఒక్కొక్కటీ అడిగాడు. పాత సామాన్ల వాడని నాకు వెంటనే అర్థమైంది. "కితనే మే దేగీ" అని ధర అడిగాడు. తూకానికి ఇచ్చే బండి కాదు, యల్లా అన్నాను. పోలేదు. నా పక్కనే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పాపం ఆకలి మీద ఉన్నాడేమోనని బిర్యానీ పెట్టాను. తిని ఇంకొంచెం అడిగాడు.

అక్క

తా.క. వదలకుండా ఫోన్ నంబర్ అడిగితే మీ బావది ఇచ్చాను. ఆ ముసలాయన చేస్తే "రాంగ్ నంబర్" అని పెట్టేయమని మీ బావకు గట్టిగా చెప్పాను.


ఉమ్ అల్ క్వైన్, సోమవారం

అక్కా, నీ కాళ్లు పట్టుకుంటాను. సలాములు తర్వాత రాస్తాను.

ఆ ముసలాయన కుడి చెంప మీద పెద్ద మచ్చ ఉందా? ఉంటే ఆయన అబూ మాజిద్. ఎడారి దారిలో ఆయనకొక షెడ్డు ఉంది, అందులో విమానం పట్టేంత చోటు. దాన్నిండా పాత అమెరికా బండ్లే. ఆయన గ్యారేజీలోకి వస్తే మా ముదీర్ కుర్చీలోంచి లేస్తాడు. నువ్వు ఆయన్ని యల్లా అన్నావు.

ముందు బావకు చెప్పు, ఫోన్ మోగితే మర్యాదగా మాట్లాడమను. అబూ మాజిద్ ఎంతకు అడిగితే అంతకు ఇచ్చెయ్. బండి బాగుందని ఒక్కసారి, ఒకే ఒక్కసారి చెప్పు అక్కా. నీకు భయమైతే కళ్లు మూసుకుని చెప్పు.

ఖాదర్

తా.క. ఆయన బయట ఎవరు పెట్టినా ఏదీ ముట్టడని చెప్పుకుంటారు. బిర్యానీలో ఏం వేశావు?


రోలా, గురువారం

తమ్ముడు ఖాదరుకు అక్క దువా.

నీ ఉత్తరం అందేలోపే ఆయన ఫోన్ చేశాడు. మీ బావకు అబద్ధం చెప్పడం చేతకాదని నీకు తెలుసు. "రాంగ్ నంబర్ సాబ్, ఖుర్షీదా ఇక్కడ ఉండదు, రోలాలో బట్టల షాపు పైన మూడో అంతస్తులో అసలే ఉండదు" అన్నాడట. నిన్న మధ్యాహ్నం ఆయన మెట్లెక్కి తిన్నగా మా తలుపే కొట్టాడు. మచ్చ ఉంది.

చాయ్ ఇచ్చాను. బండికి ఎంత కావాలన్నాడు. నాకు తోచినంత పెద్ద ధర చెప్పాను. వెంటనే "తమామ్" అన్నాడు. బేరమాడకుండా ఒప్పుకున్నాడంటే నేను తక్కువ చెప్పినట్టే కదా. అందుకని అమ్మనన్నాను. నీ ఉత్తరం గుర్తుంది, అయినా నోటికి ఆ మాటే వచ్చింది.

ఆయన పడీ పడీ నవ్వాడు. "బాగాలేదన్న బండిని ఎందుకు అమ్మవు?" అన్నాడు. "అది మా తమ్ముడిది" అన్నాను.

అప్పుడు చెప్పాడు. ఇన్నేళ్లు బండ్లు కొన్నాడట. అమ్మేవాళ్లంతా అన్నీ అసలువే అంటారట, ఇంటికి తెచ్చాక పుట్టీ బయటపడుతుందట. "నువ్వు చెప్పిన తప్పులన్నీ కింద పడుకుని చూశాను. ఒక్కటీ అబద్ధం కాదు. ఇవన్నీ నీకు ఎవరు చెప్పారు?" అన్నాడు. ఇంకెవరు, చేసినవాడే అన్నాను. తలుపు సరిగ్గా కూర్చోలేదని నీకు ముద్ద దిగని రోజులున్నాయని కూడా చెప్పాను.

ఆయన చాయ్ కప్పు కింద పెట్టాడు. "అయితే ఆ బండి అతని దగ్గరే ఉండనీ. నా బండ్లే అతని దగ్గరికి వస్తాయి" అన్నాడు. నీకిష్టమైతే తన దగ్గర ఉద్యోగానికి రమ్మన్నాడు కూడా. మా తమ్ముడు ఇంకొకరి షెడ్డులో చేసింది చాలు, షాపు తెరుస్తున్నాడు, అక్కడికి పంపండి అన్నాను. మొదటి బండి పనికి అడ్వాన్సు అక్కడే నా చేతిలో పెట్టాడు. పొద్దునే నేనూ మీ బావా షట్టర్ షాపు ఓనర్ దగ్గరికి వెళ్లాం. మేం చేరేసరికి టైర్లవాళ్లు గడప దగ్గరే నిలబడి ఉన్నారు. ఆ డబ్బు ఓనర్ చేతిలో పెట్టి మేం బయటికి వచ్చేసరికీ నిలబడే ఉన్నారు. షాపు నీది.

ఇంకో మాట. ఆ రోజు మైదానంలో సాయంత్రం ఎండ పడేసరికి నీ బండి చూసి నేను కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చాను. అంత అందమైన వస్తువు మన ఇంట్లో ఎవరి చేతిలోంచీ రాలేదు ఖాదరూ. అమ్మ ఉంటే ఆమె కూడా చాటుగా ఏడ్చి ఉండేది. నోటితో ఈ మాట ఎన్నటికీ అనను, అందుకే రాస్తున్నాను. ఎదురుపడితే మాత్రం డబ్బా అనే అంటాను, నువ్వు ఏమీ అనుకోకు.

నీ అక్క,
ఖుర్షీదా

తా.క. చదివాక ఈ కాగితాన్ని బండి చుట్టూ తిప్పి కాల్చెయ్. షాపు తాళంచెవి క్యారియర్ అడుగు గిన్నెలో, అన్నం కింద ఉంది. చూసుకుని తిను.