ఆయనకు గురువారం, నాకు ఆదివారం

నవంబరు 12, 1973. సోమవారం

తమ్ముడు కబురు పంపాడు. హైదరాబాదు స్టేడియంలో వాడి ఫుట్‌బాల్ జట్టుకు రెండు మ్యాచులట — గురువారం ఒకటి, ఆదివారం ఒకటి. ఏదో ఒకదానికి నేనూ మా ఆయనా రావాలట. “మనోళ్లు ఒక్కలన్న కనవడాలె, అక్కా” అన్నాడట.

అమ్మ పోయాక వాణ్ని పెంచింది నేనే. పాత గుడ్డలు చుట్టి మొదటి బంతి కుట్టిచ్చిందీ నేనే. చెడగొట్టానని నాన్న ఇప్పటికీ నన్నే అంటాడు. గనిలో తన బదులు నౌకరీ ఇప్పిస్తానంటే కాదని పోయాడు కదా... నాన్న ఉండేది మా ఇంట్లోనే; వాడి పేరెత్తితే కంచం ముందు నుంచి లేచిపోతాడు.

వెళ్లాలి. ఎలా? ఆయనకు గనిలో సెలవు ఆదివారం. నాకు దవాఖానలో గురువారం. పెళ్లయి నాలుగేళ్లు, ఒక్క సెలవూ కలిసిరాలేదు.

13, మంగళవారం

మాట్లాడదామంటే మనిషే దొరకడు. ఆయన రాత్రి షిఫ్టు దిగి వచ్చేసరికి నేను తెల్లచీర కట్టుకుని గుమ్మంలో ఉంటాను. నేను తిరిగొచ్చేసరికి నిద్ర. ఇవాళ “జర ఆగు, ఒక మాట” అన్నాడు. ఆగితే పెద్ద నర్సు ఊరుకుంటుందా?

ఇక అడిగేది లేదు. నేనే చూసుకుంటా.

14, బుధవారం

తోటి నర్సు మేరీని బతిమాలాను. పాపం, చర్చికి పోయే ఆదివారం నాకిచ్చి నా గురువారం తను తీసుకుంది. పెద్ద నర్సు మొహం మాడ్చుకునే సంతకం పెట్టింది. హమ్మయ్య.

అదే రోజు, సాయంత్రం

నా కర్మ. ఆయన తన ఆదివారం గనిలో తనతో పనిచేసే లింగన్నకిచ్చేసి గురువారం పుచ్చుకున్నాడట! నాకెటూ గురువారం సెలవే కదా అని. “నీకు తిప్పలెందుకని” అన్నాడు. నేనూ ఆయనకు తిప్పలెందుకనే కదా చేసింది.

లింగన్న ఆదివారం వరికోతకు ఊళ్లో కూలీలకు చెప్పేశాడట. మేరీ చెల్లెలికి రేపే పెళ్లిచూపులు. ఎవరినీ వెనక్కి అడగలేం.

చెప్పొచ్చు కదా అన్నాను.

“నువ్వు ఆగితివా?” అన్నాడు.

అన్నం పెట్టలేదు. తనే పెట్టుకుని తిన్నాడు. గిన్నెలు కూడా కడిగాడు. దాంతో ఇంకా ఒళ్లు మండింది.

15, గురువారం

షిఫ్టు దిగి, నిద్ర లేకుండా, నేరుగా రైలెక్కాడు. ఒక్కడే. మొండి మనిషి. చూడాల్సిందేమో నేను. వార్డులో కనపడ్డ వాళ్లందరినీ విసుక్కున్నాను.

16, శుక్రవారం

వచ్చాడు. తమ్ముణ్ని ఆడించనే లేదట, బయట కూర్చోబెట్టారట. ఆదివారం తప్పకుండా దించుతారట. అంటే ఉన్నది అదొక్కటే.

“ఆడోళ్లు కూసునే తావు చూసొచ్చిన. పెద్ద గేటు పక్కనే. ఐదారుగురున్నరు. నువ్వు పో.”

ఆట కన్నా అదే ఎక్కువ చూసినట్టున్నాడు. కోపం నిలవడం లేదు. అదీ చిరాకే.

17, శనివారం

పక్క క్వార్టరు రాజవ్వకు తెలిసింది. ఒక్కదానివే పట్నానికా, మొగోళ్ల ఆటకా అని బుగ్గలు నొక్కుకుంది. నల్లా దగ్గర ఇంకో ఇద్దరు. రాత్రి డ్యూటీ పడ్డ వారాల్లో వార్డంతటికీ ఒక్కదాన్నే ఉంటాను — అప్పుడు ఎవరికీ పట్టదు.

అయినా భయం వేస్తోంది. పట్నంలో ఒంటరిగా ఎప్పుడూ దిగలేదు.

18, ఆదివారం. రామగుండం స్టేషను

పొద్దున నాన్న గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎక్కడికని అడగలేదు. నేను సంచి పట్టుకుని వస్తే పక్కకు జరిగాడు, అంతే.

ఆయన సైకిలు మీద దింపాడు. నిద్రకు తూలుతున్నాడు, రాత్రికి మళ్లీ డ్యూటీ. కసిరి పంపించేశాను. పెద్ద గేటు పక్కనే అని మళ్లీ చెప్పి పోయాడు.

రైలు లేటు. ఎంతో చెప్పరు. మ్యాచు నాలుగింటికి. అందుతుందో లేదో...

మనసు మార్చుకుని ఇంటికి తిరిగిపోవడానికైతే ఇంకా బోలెడు టైముంది. అదే భయంగా ఉంది.