ఫైల్లో నలభై నాలుగు

సెరంగూన్ రోడ్, సింగపూర్,
6-3-2000

హెచ్.ఆర్. మేనేజర్ చి. నిఖిలకు అనంతరామయ్య అంకుల్ ఆశీస్సులు.

వై2కె గండం గడిచేదాకా నా పాత ప్రోగ్రాములు మీకు కావలసివచ్చాయి. గండం గట్టెక్కగానే కొత్త డైరెక్టర్ మధుసూదనరావుగారు ‘యువరక్తం కావాలి’ అంటూ నన్ను పీకేశారు. యాభై నాలుగేళ్లు రావడం నేరమా తల్లీ? వర్క్ పాస్ రద్దయితే నెలలో దేశం వదలాలి. మా అమ్మాయి వసుంధర చదువు ఇంకా ఏడాది ఉంది. వయసు చూసి తీసేశారని ఫిర్యాదు చేస్తున్నాను.

ఇట్లు,
అనంతరామయ్య

తా.క. నా డ్రాయర్లో గోంగూర పచ్చడి ఉంది. యువరక్తానికి పెట్టకు.

9-3-2000

అంకుల్‌కు నమస్కారాలు.

మీ ఫైలు తీశాను. అందులో మీకు నలభై నాలుగే! ముసలివారని తీసేశామంటే ఎవరు నమ్ముతారు?

ఇట్లు,
నిఖిల

తా.క. పచ్చడి దొరికింది. దాని వెనక జుట్టు రంగు డబ్బా కూడా.

11-3-2000

అమ్మా నిఖిలా,

అప్పట్లో మీకు కుర్రవాళ్లే కావాలన్నారని బయోడేటాలో పదేళ్లు కోశాను. ఇదిగో పాస్‌పోర్టు నకలు. నేను నిఖార్సయిన ముసలివాణ్ణి.

ఇట్లు,
అనంతరామయ్య

తా.క. ఇది చూసి వసుంధర ఇక్కడి యాసలో ‘నాన్నా, యూ సో ఓల్డ్ లా!’ అంది.

14-3-2000

అంకుల్, ఎంత పని చేశారు!

వయసుతోపాటు దొంగ బయోడేటా కూడా మీరే రుజువు చేశారు. తీసేశాక బయటపడినా తప్పు తప్పేనట. ‘వయసు దాచినవాణ్ణి ఒక్క గంట కూడా ఉంచకూడదు’ అని డైరెక్టర్‌గారు బల్ల గుద్ది, ఆ మాట ఫైల్లో రాయించారు. నాకు చాలా బాధగా ఉంది.

నిఖిల

తా.క. పచ్చడి మేం తినేశాం, క్షమించండి. రంగు డబ్బాను సాక్ష్యమని డైరెక్టర్‌గారు తమ గదికి పట్టుకెళ్లారు.

17-3-2000

చి. నిఖిలకు,

ఆ మాట రాసిన కాగితం పదిలంగా ఉంచమ్మా. మా తెనాలి స్కూలు ఫొటో పంపుతున్నాను, 1962 నాటిది. రెండో వరుసలో నేను. నా భుజం మీద చెయ్యేసినవాడు మధు, మీ డైరెక్టరే. వచ్చిన రోజే ఇద్దరం గుర్తుపట్టాం. నేను నోరు మెదపలేదు, వాడే భయపడ్డాడు. వాడి ఫైల్లో వయసెంత?

అనంతరామయ్య

తా.క. వాడు ఒకసారి తప్పి మా క్లాసుకొచ్చాడు. నాకంటే ఏడాది పెద్ద.

20-3-2000

అంకుల్,

ఆయన ఫైల్లో నలభై రెండు! ఫొటో చూపిస్తే చాలాసేపు కళ్లజోడు తుడుచుకున్నారు. తర్వాత ‘అనుభవమే కంపెనీకి ఆస్తి’ అన్నారు. ఇద్దరి ఫైళ్లలోనూ అసలు వయసు నేనే దిద్దాను. సోమవారం పనిలోకి రండి. వసుంధరను హాయిగా చదువుకోమనండి.

మీ నిఖిల

తా.క. ఇది డైరెక్టర్‌గారు స్వయంగా రాస్తున్నారు: ‘ఒరే అనంతం, వచ్చేటప్పుడు ఇంకో రంగు డబ్బా కొనుక్కురా. నీది అయిపోయింది.’