చెవిటి బొమ్మలాయన ఇల్లు

నిజామాబాద్ జిల్లా బాన్సువాడలో కాపురముంటూ, ప్రభుత్వ జూనియర్ కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన దుర్కి శివరాం అనే నేను, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా, పూర్తి తెలివితో, స్వహస్తంతో రాస్తున్న మరణశాసనం ఇది. బుద్ధి సరిగానే ఉంది. పోయినవి చెవులే. చెవిటివాడి వీలునామా చెల్లదని రేపు ఎవరైనా పేచీ పెడతారేమోనని వకీలును కాగితం మీద రాసి అడిగాను. ఆయన దాని కిందనే "చెల్లుతది సార్, ఫికర్ చేయకుర్రి" అని రాసిచ్చాడు. ఇంతకు ముందు నేను ఏ వీలునామా రాయలేదు. ఇదే మొదటిది, ఇదే చివరిది.

1. నా తదనంతరం దీన్ని అమలు జరిపే బాధ్యత నా మిత్రుడు, కాలేజీలో ఎకనామిక్స్ చెప్పిన లక్‌పతికి అప్పగిస్తున్నాను. నేను రాసిన సంగీత పుస్తకం చదివానని ఊరంతా నా ముందు అబద్ధమాడింది. లక్‌పతి ఒక్కడే "రెండో పేజీకే నిద్రొచ్చింది శివరామన్నా" అని మొహం మీద చెప్పాడు. నమ్మదగినవాడు ఇంకెలా ఉంటాడు?

2. బాన్సువాడలో నా స్వార్జితమైన ఇల్లు, ఖాళీ స్థలం, బోరుతో సహా, బిచ్కుందలో నౌకరీ చేస్తున్న నా కూతురు సుజనకు చెందవలెను. ఆమె సర్వహక్కులతో అనుభవించవచ్చును. ముందు గోడలు పడగొట్టి షట్టర్లు పెట్టాలని అల్లుడు అనుకుంటున్న సంగతి నాకు తెలుసు. పెట్టుకోండి. ఇళ్ళు నిలవవని చరిత్ర చెప్పుకుని బతికినవాడికి వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు.

3. నిజాంసాగర్ కాలువ కింద ఉన్న నా వరి పొలం నా కొడుకు సాగర్‌కు చెందవలెను. పొలం మూలన నా భార్య సావిత్రమ్మ సమాధి ఉన్నది. ఆ మూలను దున్నరాదు, అమ్మరాదు. నన్నూ అక్కడే, ఆమె పక్కన పెట్టాలి.

సాగర్ టెంట్‌హౌస్ నడుపుతాడు. పెళ్ళిళ్ళకు, వినాయకుడికి మనిషెత్తు పాటల పెట్టెలు కిరాయికిస్తాడు. వాటిని పరీక్షించేది మా వాకిట్లోనే. ఐరోపా సంగీతం మీద పుస్తకం రాసినవాడి ఇంట్లో గిన్నెలు ఆ మోతకు గూట్లోంచి జారి పడేవి. నా చెవులు పోయింది వాటివల్లనేనని డాక్టరు అనలేదు. నేనూ అనను. నా అంతిమయాత్రకు మాత్రం ఆ పెట్టెలు తేవద్దు.

4. నేను రాసి, నా ఖర్చుతోనే అచ్చేయించిన ఐరోపా సంగీత చరిత్ర ప్రతులు వెనక గదిలో వడ్ల సంచుల్లో ఉన్నాయి. వాద్యమే లేకుండా మఠాల్లో సన్యాసులు పాడిన కాలం నుంచి, చెవుడొచ్చాక కూడా పాటలు కట్టిన జర్మనీ ఆయన దాకా అందులో ఉంది. కొనేవాడు లేక, పెళ్ళిళ్ళకు అందరూ స్టీలు బిందెల మీద పేర్లు కొట్టించి ఇస్తుంటే, నేను పుస్తకం మీద పేర్లు రాసి ఇస్తూ వచ్చాను. మన దగ్గర ఒక పెళ్ళికి వచ్చిన బిందె ఇంకో పెళ్ళికి పోతుందని తెలిసి కూడా, పుస్తకం అలా పోదనుకున్నాను. సుజన పెళ్ళిలో మైకులో చదివింపులు చదువుతుంటే, కోటగిరిలో ఉండే నా బావమరిది ముత్తెన్న పేరు మీద "పుస్తకం ఒకటి" అని వినబడింది. పొంగిపోయాను. ఇంటికొచ్చి అట్ట తిప్పితే, లోపల అతికించిన కాగితం మీద "ముత్తెన్న దంపతుల ఆశీస్సులతో" అని ఉంది. కాగితం ఒలిస్తే కింద నా చేతిరాత. అతని కొడుకు పెళ్ళికి నేనిచ్చిందే. ఒక్క పేజీ అయినా నలగలేదు. సావిత్రమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. నేను ఆ రోజు అన్నం తినలేదు.

ఆ ప్రతి ముత్తెన్నకే తిరిగి ఇవ్వవలెను. మిగిలినవి చిత్తు కాగితాలవాడికి వేయండి. గ్రంథాలయాలకు పంపి పోస్టు ఖర్చు దండగ చేయవద్దు.

5. నా రేడియో, మా పొలంలో పనిచేసే సాయవ్వకు. సావిత్రమ్మ మంచాన పడ్డప్పుడు తల దువ్వింది, అన్నం తినిపించింది సాయవ్వే. దూరదేశాల సంగీతం కోసం ఆ రేడియో ముల్లును వెంట్రుకవాసి చొప్పున తిప్పేవాణ్ణి. సాయవ్వ నిజామాబాద్ స్టేషన్ పెట్టుకుని హాయిగా వింటుంది. గ్రామఫోను రికార్డులు ఎవరడిగితే వారికి. ఎవరూ అడగరు.

6. ఇక నా పుస్తకం రెండో భాగం. స్పెయిన్ సాహిత్యం, కళ. ఇది అచ్చు కాలేదు, కాదు. దీనికి ఉన్న ఒకే ఒక్క శ్రోత సావిత్రమ్మ. ఆమెకు చదువు రాదు. సాయంత్రం చాటలో బియ్యం ఏరుతూ కూర్చుంటే, రాసింది రాసినట్టు చదివి వినిపించేవాణ్ణి. స్పెయిన్‌లో ఇళ్ళ మధ్య వాకిళ్ళలో నాటకాలు ఆడేవారని చదివితే "మన చిందోళ్ళ బాగోతం లెక్కనే ఉన్నది" అనేది. రాజు కుటుంబం బొమ్మ గీస్తూ అందులో తనను కూడా గీసుకున్న చిత్రకారుడి సంగతి వింటే "గట్ల ఉండాలె మొగోడంటే" అన్నది.

ఆమెకు అందరికన్నా నచ్చినవాడు ముసలితనంలో చెవుడొచ్చి, ఊరి బయట ఇల్లు కొనుక్కుని, లోపలి గోడల నిండా భయంకరమైన నల్లటి బొమ్మలు వేసుకున్న ఇంకో చిత్రకారుడు. ఆయన పేరు ఆమెకు నోరు తిరగలేదు. చెవిటి బొమ్మలాయన అనేది. హైదరాబాద్ ఫుట్‌పాత్ మీద కొన్న నా పాత పుస్తకంలో ఆ తర్వాతి పేజీలు చినిగిపోయి ఉన్నాయి. కథ అక్కడ ఆగింది. 2001లో, దవాఖానలో, ఇక రెండు రోజులకు పోతుందనగా అడిగింది: "గా చెవిటి బొమ్మలాయన ఇల్లు ఏమైంది? గోడల మీద బొమ్మలు ఏమైనయ్? మళ్ళ చెప్తనంటివి."

నాకు అప్పటికి తెలియదు. ఏదో ఒకటి కల్పించి చెప్పాల్సింది. చరిత్ర చెప్పేవాణ్ణి కదా, తెలియదనే చెప్పాను. "సరే, తెలిసినంక చెప్పు" అని కళ్ళు మూసుకుంది.

ఆమె పోయాక హైదరాబాద్‌లో వెతికి వెతికి తెలుసుకున్నాను. ఆ అధ్యాయం పూర్తి చేశాను. అది ముగించిన సాయంత్రం కాగితాలు పట్టుకుని అలవాటు చొప్పున వంటింట్లోకి పోయాను. చాట గోడకు వేలాడుతోంది. ఆ రోజు నుంచి నేను ఒక్క వాక్యం రాయలేదు. రాసినదంతా ఎవరి కోసం రాశానో అప్పుడు అర్థమైంది. నా బతుకు వృథా అయింది. ఈ మాట కోపంతో రాయడం లేదు.

7. రెండో భాగం సాగర్‌కు చెందవలెను. ఇది పొలానికి షరతు కాదు. పొలం ఆశ చూపి చదివిస్తే అది చదివినట్టు కాదు. అడుగుతున్నాను, అంతే. పెద్దలకు పెట్టుకునే పెత్రమాసకు, నిన్ను కన్న అవ్వకు ఇష్టమైనవి విస్తట్లో పెట్టడానికి నువ్వు ప్రతి ఏడూ పొలానికి పోతావు. ఈసారి ఆ చివరి అధ్యాయం కూడా పట్టుకుపో. సమాధి దగ్గర కూర్చుని పైకి చదువు. నేనే ప్రతి పెత్రమాసకు చదివాను, కానీ నా గొంతు నాకే వినపడదు. మాట బయటికి వచ్చిందో లేదో తెలియదు. చచ్చినవారు వింటారని నాకు నమ్మకం లేదు. అయినా చదువు.

అంత ఓపిక లేకపోతే, కాగితాలు ఇంట్లోనే ఉంచి, ఈ నాలుగు ముక్కలు చెప్పి రా: "అవ్వా, గా ఇల్లు కూలగొట్టిండ్రట. అంతకు ముందే గోడల మీది బొమ్మలు బట్ట మీదికి ఒలిచి తీసిండ్రట. జర రంగు పోయిందట. కని బొమ్మలు ఉన్నయట. బాపు చెప్పమన్నడు."

పై సంగతులన్నీ నా ఇష్టపూర్వకంగా రాసి, సాక్షుల ఎదుట సంతకం చేశాను.

బాన్సువాడ,
14 ఆగస్టు 2006

(సం.) దుర్కి శివరాం

సాక్షులు:
1. (సం.) సోమ్లా, కాలేజీ రిటైర్డ్ అటెండరు
2. బక్కమ్మ, ఎదురింటి ఆమె, ఎడమచేతి బొటనవేలి ముద్ర. వీలునామా మొత్తం ఆమెకు పైకి చదివి వినిపించాను. వినపడిందని తల ఊపింది.