వ్యాను తల పగిలిన కబురు

మా అమ్మాయి వాళ్ళమ్మకు, ఈమధ్యే అమ్మమ్మ హోదా కూడా దక్కిన ఇల్లాలికి,

ఇక్కడ నేను క్షేమం. అక్కడ నువ్వూ, అమ్మాయీ, అల్లుడూ, పొత్తిళ్ళలో పసిదీ క్షేమంగా ఉన్నారని తలుస్తాను. మన ఇంట్లో క్షేమంగా లేనిది వ్యాను ఒక్కటే. దాని తల పగిలింది. కంగారుపడకు, నా తల బాగానే ఉంది. జుట్టు సంగతి నీకు తెలిసిందే.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. వంట నేనే చేసుకుంటున్నాను. అన్నం ఒకరోజు పలుకు, ఒకరోజు జావ. మధ్యరకం ఇంకా కుదరలేదు. కిటికీలో నీ మొక్కలకు నీళ్ళు పోస్తున్నాను. ఎక్కువే పోస్తున్నట్టున్నాను, ఒకటి పసుపెక్కింది. దాన్ని చూసి పక్కింటావిడ నావైపు హంతకుణ్ణి చూసినట్టు చూసింది. పసిదానికి పేరు ఆలోచించమన్నావు కదా, ఆలోచిస్తున్నాను. నాకు తోచినవన్నీ మా మేనత్తల పేర్లే. నువ్వు ఒప్పుకోవని నాకు తెలుసు.

వ్యాను ఎందుకు ఆగింది, వారంటీ కింద బాగుచేస్తారా చెయ్యరా అని అడిగావు. ఈ ఉత్తరమంతా దాని గురించే. ఇక నీ ఆఖరి ప్రశ్న, "ఫోన్ చేస్తే రెండు ముక్కలు మాట్లాడి పెట్టేస్తారు, ఉత్తరాలు మాత్రం పేజీలకు పేజీలు రాస్తారు, ఏమిటండీ ఈ చోద్యం?" అని. దానికీ జవాబుంది. చెప్పడానికి కాస్త ధైర్యం కావాలి. రాస్తూ రాస్తూ కూడగట్టుకుంటాను.

వ్యాను ఆగిన రోజు పొద్దున్న ఆస్పత్రిలో మాసిన దుప్పట్లు అందులో వేసుకుని లాండ్రీకి వచ్చాను. లాండ్రీ పెరడు నువ్వు చూశావు కదా. బాయిలరు గొట్టాల నుంచి ఎప్పుడూ ఆవిరి వస్తూనే ఉంటుంది. దాని మీద ఎండ పడితే మనుషులు నడుము పైకి మాత్రమే కనిపిస్తారు, కాళ్ళుండవు. తెల్ల దుప్పట్ల బళ్ళు వాటంతటవే తేలిపోతున్నట్టుంటాయి. నాకు ఆ చోటంటే చాలా ఇష్టం. అక్కడికి వెళితే సగం నిద్రలో ఉన్నట్టుంటుంది, సబ్బు వాసనా వెచ్చదనమూ కలిసి ఒళ్ళు తేలికైపోతుంది. ఆ మత్తులోనే ఇంజను ఆపకుండా కూర్చుని, మూటలు దించుతుంటే చూస్తున్నాను.

వ్యాను ముందు భాగం నుంచి కూడా ఆవిరి వస్తోంది. మరే చోటయినా నలుగురూ పరిగెత్తుకొచ్చేవాళ్ళు. ఆ పెరట్లో ఆవిరిని చూసి అనుమానపడేదెవరు? ఇస్త్రీ గది పెద్దావిడ కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏం డ్రైవరుగారూ, వ్యాన్ని కూడా ఇస్త్రీకి తెచ్చారా?" అందట. అందరూ నవ్వారట. ఈ 'ట'లు ఎందుకో తర్వాత చెబుతాను. వాళ్ళ మొహాలు చూసి నేనూ నవ్వాను. అంతలో ఇంజను ఒక్కసారి గజగజ వణికి ఆగిపోయింది.

"వేడి చూపించే ముల్లు ఎదురుగా ఉంటుంది కదా, చూడరేం?" అని నువ్వు పోరుతూనే ఉంటావు. నేనెప్పుడూ ముల్లు చూసి నడపలేదు, చెవితోనే నడిపాను. ఇంజను ఏ మాత్రం గొంతు మార్చినా పట్టేసేవాణ్ణి. "పెళ్ళాం పిలిస్తే వినపడదు గానీ ఇంజను గొణిగితే వినపడుతుంది" అని నువ్వు దెప్పుతుంటే లోపల్లోపల గర్వపడేవాణ్ణి కూడా.

వ్యానుకు తాడు కట్టి కంపెనీ వర్క్‌షాపుకు లాక్కెళ్ళాం. నన్ను బాబాయ్ అని పిలిచే మెకానిక్కు ఉన్నాడు కదా, అతనే విప్పాడు. ఇంజను మీద మూతలా కూర్చునే లోహపు దిమ్మ ఉంటుంది, వీళ్ళు హెడ్డు అంటారు. దాని కింద మంట, దాని కడుపులో నీళ్ళు. ఒకే వంటింట్లో పడని తోడికోడళ్ళలాంటి ఆ రెండింటినీ కలవనీయకుండా కాచేది అదే. అది పగిలింది. పగులు వెంట్రుక కంటే సన్నం. అతను వేలు పెట్టి చూపించినా నాకు కనిపించలేదు.

ఇక్కడే వచ్చింది చిక్కు. హెడ్డు దానంతటది పగిలితే వారంటీ కింద కంపెనీ కొత్తది వేసిస్తుంది. వేడెక్కిందని తెలిసీ నడిపితే మాత్రం మన నెత్తినే. అంత ఖర్చు మనవల్ల కాదని నీకు వేరే చెప్పక్కర్లేదు. వ్యాను లేకపోతే ఆస్పత్రి పని ఇంకొకరికి పోతుంది. ఆ పని పోతే ఈ వయసులో నన్ను పిలిచి పనిచ్చేవాడెవడు? కంపెనీ తరఫున మనిషి వచ్చి చూసేదాకా ఏదీ తేలదన్నారు.

ఆ మనిషి వచ్చేదాకా నాకు వర్క్‌షాపు సోఫాయే ఇల్లయింది. నడిచి వెళ్ళేవాణ్ణి, నడిచి వచ్చేవాణ్ణి. ఎన్నేళ్ళయిందో వీధుల్లో అలా నడిచి. వీధులన్నీ మెత్తగా ఉన్నాయి. సైకిళ్ళు దూదిమీద పోతున్నట్టు పోతున్నాయి. బడి పిల్లలు నోళ్ళు తెరిచి అరుస్తూ పక్కనుంచి పరిగెడుతున్నారు, అరుపు మాత్రం నా దాకా రావడం లేదు. ఊరంతా నెమ్మదించింది, మనుషులు మర్యాద నేర్చుకున్నారు అనుకున్నాను. అంత హాయిగా ఉంది.

ఒక మధ్యాహ్నం ఆ సోఫాలోనే కునుకు పట్టింది. కల వచ్చింది. కలలో మనిల్లు. నువ్వెక్కడా కనిపించవు, కానీ ఇల్లంతా నీ చప్పుళ్ళే. వంటింట్లో మూత జారింది. చీపురు నేలమీద గీసుకుంటోంది. అమ్మాయి చిన్నప్పటి నవ్వు, ఆ ఎక్కిళ్ళు పెట్టే నవ్వు, పక్క గదిలోంచి వస్తోంది. కిటికీ మీద పిట్ట, కుళాయి చుక్క, అన్నీ విడివిడిగా, చెవి పక్కనే. నేను మంచం మీద కదలకుండా పడుకుని వింటున్నాను. కదిలితే ఆగిపోతాయని భయం. ఎవరో భుజం పట్టి కుదిపారు. మెకానిక్కు. "ఎంతసేపట్నుంచి పిలుస్తున్నాను బాబాయ్! కంపెనీ మేడమ్ వచ్చింది, లే" అన్నాడు.

వచ్చింది మన అమ్మాయి ఈడు పిల్ల. చేతులకు నూనె అంటుకుంటుందని చూసుకోలేదు, మంచి పిల్ల. హెడ్డును వేడినీళ్ళ తొట్టిలో దించి లోపలికి గాలి పట్టించింది. కాసేపు ఏమీ లేదు. తర్వాత ఒకచోటు నుంచి చిన్న చిన్న బుడగలు, ఒకదాని వెనక ఒకటి, ఏ తొందరా లేకుండా పైకి రాసాగాయి. మన బతుకుదెరువు తేలేది అక్కడే అని కూడా మరిచిపోయి, నోరు తెరుచుకుని చూస్తూ నిలబడ్డాను. అంత అందంగా ఉన్నాయి.

ఆ పిల్ల నా వైపు తిరిగింది. "ఇంజను వేడెక్కితే బజర్ మోగుతుంది కదా అంకుల్. మోగాక ఎంతసేపు నడిపారు?"

ఆమె వెనక నిలబడి మెకానిక్కు నాకు సైగలు చేస్తున్నాడు, వెంటనే ఆపేశానని చెప్పమని. నాకు అబద్ధంతో పనేముంది?

"అసలు మోగితే కదమ్మా! ఒట్టు, మోగలేదు" అన్నాను.

"అయితే బజరే పాడయ్యుండాలి. అలాగైతే అది కూడా వారంటీలోకే వస్తుంది" అంది. వ్యాన్లోకి వంగి రెండు తీగలు కలిపింది. నేను చూస్తున్నాను. ఏమీ లేదు. నాకు ఎంత సంతోషమేసిందో! "చూశావా అమ్మా? చెప్పానా? మోగడం లేదు!" అన్నాను, గెలిచినవాడిలా.

అవతల చక్రం విప్పుతున్నవాడు తల తిప్పి ఇటు చూస్తున్నాడు. గాజు గదిలో కూర్చున్నవాళ్ళు చూస్తున్నారు. టీ పట్టుకొచ్చినావిడ ఒక చెవి మూసుకుని నిలబడిపోయింది. మెకానిక్కు నేల చూపులు చూస్తున్నాడు. ఆ పిల్ల మెల్లగా తీగలు విడదీసింది. టీ ఆవిడ చెవి మీద చెయ్యి తీసేసింది. అది చూశాక గానీ నాకు అర్థం కాలేదు.

ఆ పిల్ల నా కుడిపక్కకు వచ్చి, చెవి దగ్గర నోరు పెట్టి, "ఎన్నాళ్ళ నుంచి అంకుల్?" అంది. నాకూ అప్పుడే తెలిసింది. అందరూ గొణుగుతున్నారనుకున్నాను. ఫోన్ లైను బాగాలేదనుకున్నాను. అనుమానం రాలేదంటే అబద్ధమే. వచ్చిన ప్రతిసారీ మీసం దువ్వుకుని పక్కకు నెట్టేశాను.

ముందు మంచి కబురు చెప్పేస్తాను. పగులు లోపలి అంచున పాత తుప్పు ఉంది, భూతద్దం పెట్టి నాకూ చూపించింది. పోత పోసినప్పుడే లోపముందనీ, ఆ రోజు వేడికి బయటపడిందే గానీ ఆ రోజు పుట్టింది కాదనీ తేల్చింది. కంపెనీ కొత్త హెడ్డు వేసిచ్చింది. వ్యాను మళ్ళీ తిరుగుతోంది, ఆస్పత్రి పని పోలేదు. నడుపుతున్నది మాత్రం నేను కాదు, లాండ్రీ రెండో డ్రైవరు. చెవులు చూపించుకునేదాకా స్టీరింగు ముట్టుకోవద్దని ఆ పిల్ల నా దగ్గర మాట తీసుకుంది. నేను అతని పక్కన కూర్చుని వెళుతున్నాను. ఇంజను కొత్తదానిలా పలుకుతోందని అందరూ అంటున్నారు. నేను తల ఊపుతున్నాను.

చెవి డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఎడమ చెవి దాదాపు పోయింది. కుడిది సగం ఉంది, అదీ తగ్గుతోంది. మిషను పెట్టుకుంటే కొంత మేలు, మళ్ళీ నడపొచ్చు కూడానట, కానీ పోయింది తిరిగి రాదన్నారు. బజర్లు, పిట్టలు, పసిపిల్లల ఏడుపు, సన్నని చప్పుళ్ళన్నీ ముందు పోతాయట.

ఇప్పుడు అసలు సంగతి. ఇన్ని పేజీలు రాసింది ఇది చెప్పలేకే. పసిది పుట్టిన రోజు అమ్మాయి నాకు ఫోన్ చేసింది గుర్తుందా? "నాన్నా, నీ మనవరాలు ఏడుస్తోంది, వినూ" అని ఫోన్ దాని నోటి దగ్గర పెట్టింది. "అబ్బో, గొంతు అచ్చం వాళ్ళమ్మమ్మదే!" అన్నాను. మీరంతా పడీ పడీ నవ్వారని, అల్లుడు కూడా నవ్వాడని రాశావు. నాకేమీ వినపడలేదే. ఒక్క చప్పుడు కూడా. దాని మొదటి ఏడుపు మీరందరూ విన్నారు. నేను విన్నట్టు నటించాను. అప్పట్నుంచీ ఆ మాట నీ దగ్గర దాస్తూనే వచ్చాను. నీకంటే ముందు ముక్కూ మొహం తెలియని పిల్లకు నా సంగతి తెలిసిపోయిందని కూడా సిగ్గుగా ఉంది.

అమ్మాయికి నువ్వే చెప్పు, నావల్ల కాదు. బాలింత, ఏడవకుండా చూసుకో. తిట్టాలనిపిస్తే ఫోన్లో తిట్టకు, వృథా. వచ్చాక ఎదురుగా కూర్చుని తిట్టు.

త్వరగా రండి. అమ్మాయి ప్రయాణం చేయగలిగిన మరునాడే బయల్దేరండి. పసిది ఏడిస్తే కంగారుపడి ఎత్తుకుని ఊరుకోబెట్టేయకండి. నా కుడి చెవికి దగ్గరగా తీసుకొచ్చి పట్టుకోండి. దానికి పుణ్యం ఉంటుంది, కాసేపు గట్టిగా ఏడవనివ్వండి.

ఇట్లు,
మీ ఆయన,
పసిదానికి తాతయ్య.