ఐదు వేసిన చెవి

ఫిబ్రవరి 3

ఇవాళ్టి నుంచి స్పానిష్.

మా ఆఫీసులో కస్టమర్లతో మాట్లాడేవాళ్ళు వేరు, ఆ మాటల్ని తర్వాత హెడ్‌ఫోన్‌లో విని తప్పులు పట్టేవాళ్ళు వేరు. నేను పట్టేదాన్ని. పదకొండేళ్ళుగా నా ఉద్యోగమే అనుమానం. ఇప్పుడు కాల్స్ అన్నీ స్పానిష్‌లోకి మారుతున్నాయి. మమ్మల్ని ఇద్దరిద్దరిగా జతకట్టారు. జతలో ఒకరికే కుర్చీ, రెండోవాళ్ళు ఇంటికి. మూడు పరీక్షలు. మాట్లాడింది రికార్డవుతుంది. ఒకరి మార్కులు రెండోవాళ్ళు వేయాలి. ఇంత గొప్ప ఐడియా ఎవరి బుర్రలో పుట్టిందో గానీ, దండం పెట్టాలి.

నా జత కిటికీ పక్క సీటావిడ.

ఫిబ్రవరి 5

సాధించడం అనే క్రియ. కొన్సెగీర్. దేన్ని సాధించాలో ఆ మాటని క్రియ తోకకే అతికించాలట. కొన్సెగీర్లో అంటే దాన్ని సాధించడం. ఎవరికోసమో కూడా మధ్యలో ఇరికించొచ్చట. నాకు నోరు తిరగలేదు. ఆవిడ ఓపిగ్గా పదిసార్లు చెప్పించింది. సాయంత్రం మొదటి పరీక్ష. నాకు పదికి తొమ్మిది వేసింది.

తొమ్మిదా?

ఫిబ్రవరి 6, ఉదయం

నాకు మార్కు పెరిగితే నష్టపోయేది ఆవిడే. మరెందుకు వేసినట్టు? ఊరక రారు మహానుభావులు అన్నారు. తొమ్మిదులూ ఊరకే రావు. ఇంత ఎక్కువ చూసి సూపర్‌వైజర్‌కి అనుమానం రావాలి, నావి కొట్టేయాలి. అదీ ప్లాన్.

నేను ఆవిడకి ఐదు వేశాను.

అక్కకి చెబితే పడీ పడీ నవ్వింది. చిన్నప్పుడు చాక్లెట్ ఇచ్చినా వాసన చూసి తినేదానివే నువ్వు అంది.

ఫిబ్రవరి 11

రెండో పరీక్ష. మళ్ళీ తొమ్మిది. మళ్ళీ ఐదు.

ఆవిడకి తొమ్మిదమ్మ అని పేరు పెట్టాను. ఒకటి గమనించాను. వాక్యం చెప్పమంటే నేను "దాన్ని సాధిస్తాను" అంటాను. ఆవిడ మాత్రం ఎప్పుడూ "నీకోసం దాన్ని సాధించిపెడతాను" అంటుంది. కొన్సెగీర్తెలో. ఈ వయసులో నాకెవరమ్మా ఏదో సాధించిపెట్టేది? తెల్లనివన్నీ పాలు కావు.

ఫిబ్రవరి 14, మధ్యాహ్నం

ఆఖరి పరీక్ష. అవగానే టీ తెచ్చుకుందామని వెళ్ళాను. తిరిగొచ్చేసరికి గదిలో సూపర్‌వైజర్. ఆవిడ ఏదో చెబుతోంది, నన్ను చూసి ఆపేసింది. ఏంటని అడిగితే, ఏం లేదులెండి, ఊరికే అంది.

ఊరికే! దొరికింది దొంగ. ఈసారి నాలుగు.

ఫిబ్రవరి 20

లిస్టు పెట్టారు. కుర్చీ నాకు.

ఆవిడ నా చెయ్యి పట్టుకుని, మీకే వస్తుందని నాకు ముందే తెలుసండీ అంది. కప్పూ, శాలువా సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది. నాకు సంతోషంగానే ఉంది. ఉండాలి కదా.

ఫిబ్రవరి 24, ఉదయం

ఆఫీసు రూలు ఒకటుంది. కుర్చీ దక్కినవాళ్ళు తమ జత రికార్డింగులన్నీ విని, మార్కులు సరిగ్గానే ఉన్నాయని సంతకం పెట్టాలి. మార్కు మారితే లిస్టూ మారుతుంది. ఏ పిచ్చిది మారుస్తుంది? పది నిమిషాల పని.

అదే రోజు, సాయంత్రం 4

నా గొంతు విన్నాను. తొమ్మిదే. ఒక్కో పరీక్షలో ఒక్కో తప్పు, ఒక్కో మార్కు తగ్గించింది. ప్లానూ లేదు, పాడూ లేదు. విన్నది విన్నట్టు వేసింది.

ఆవిడ గొంతు విన్నాను. తప్పు దొరకలేదు. దొరికితే బాగుండని మూడుసార్లు వెనక్కి తిప్పాను.

పద్నాలుగో తారీఖున నేను టీకి వెళ్ళాక ఎవరూ రికార్డింగ్ మిషన్ ఆపలేదు. సూపర్‌వైజర్ వచ్చాడు. ఆవిడ అడుగుతోంది. ఆవిడది పదకొండేళ్ళ సర్వీసు సార్, నేనొచ్చి రెండేళ్ళే, మా జతకి రెండు కుర్చీలు వేయలేరా అని. కుదరదన్నాడు. ఒక్కటే అయితే ఆవిడకే ఇవ్వండి సార్ అంటుండగానే తలుపు చప్పుడైంది. ఏంటని అడుగుతున్న నా గొంతు. ఎంత వంకరగా ఉందో!

చచ్చేంత సిగ్గేసింది. సంతకం పెట్టలేదు.

ఫిబ్రవరి 25

ఐదు, ఐదు, నాలుగు కొట్టేశాను. పది, పది, పది. ఫారం పంపాను.

ఇది నిలబడి రాస్తున్నాను.