ఎడమ భుజం ఎవరి మాట వింటోంది

జులై 6, ఆదివారం
మెడ ఎడమవైపు తిరగడం లేదు. ఎవరైనా పిలిస్తే ఒళ్లంతా తిప్పాల్సి వస్తోంది. దిండుదే తప్పంది అత్తమ్మ. దిండు తీసేశాను.

జులై 7, సోమవారం
దిండుది ఏ తప్పూ లేదు.

జులై 10, గురువారం
చొప్పదండిలో బస్సెక్కి కరీంనగర్ వెళ్లాను. స్పీడ్ బ్రేకర్ వచ్చిన ప్రతిసారీ డ్రైవర్‌ని మనసులో తిట్టుకున్నాను. ఫిజియో పేరు నవ్యశ్రీ. నాకంటే చిన్నది. మజిల్ స్ట్రెయిన్ అంది. టైలరింగ్ చేస్తానని చెప్పగానే ఇంకేమీ అడగలేదు, మిషన్ బంద్ పెట్టమంది. గడ్డం లోపలికి లాగి పట్టుకోవాలి, భుజాలు వెనక్కి తిప్పాలి, తల మెల్లగా పక్కకు వంచాలి. ఈ మాత్రం దానికి అంత చదువా అనుకున్నాను. ఇంటికొచ్చి చేస్తే కళ్లలో నీళ్లు తిరిగాయి.

గడ్డం లాగినప్పుడల్లా కోడిపెట్టలా ఉన్నానట. అత్తమ్మకు మంచి కాలక్షేపం దొరికింది.

జులై 14, సోమవారం
మిషన్ మీద దుప్పటి కప్పేశాను. బ్లౌజులు ఇచ్చినవాళ్లు అలిగారు. అయినా ఒకటి అర్థం కావడం లేదు. పొద్దున మెడ బాగానే తిరుగుతుంది, రాత్రి వంట అయ్యేసరికి బిగుసుకుపోతుంది. కుట్టడమే లేదు కదా. ఎడమవైపే ఎందుకు? నొప్పి అంటే భయం పోయింది నాకు. ఇంట్లో దొంగ ఉన్నాడు, ఎవరో తెలియాలి, అంతే.

జులై 17, గురువారం
ఇదంతా నవ్యశ్రీకి చెప్పాను. వెనక నిలబడి నా ఫోన్‌తోనే ఫొటో తీసింది. నా వీపు నేనెప్పుడూ చూసుకోలేదు. ఎడమ భుజం పైకి లేచి ఉంది, తల దాని మీదికి వాలి ఉంది. పక్కన ఎవరో మాట్లాడుతుంటే వింటున్నట్టు. ఆ భుజంతో రోజూ ఏం పట్టుకుంటావక్కా అని అడిగింది. ఫోన్ అన్నాను. అన్నాకే నాకూ తెలిసింది.

మా ఆయన మస్కట్‌లో స్లాబులకు చెక్కలు బిగించే షట్టరింగ్ పని చేస్తాడు. పోయి రెండేళ్లు దాటింది. డ్యూటీ దిగి రూమ్‌కి రాగానే ఇమో యాప్‌లో కాల్ చేస్తాడు. సరిగ్గా అప్పుడే నేను వంటింట్లో ఉంటాను. ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించి కూర తరుగుతాను, పోపు వేస్తాను. స్పీకర్ పెడితే హాల్లోంచి అత్తమ్మే జవాబులు చెబుతుంది. ఇయర్‌ఫోన్స్ పెడితే కుక్కర్ విజిల్ వినపడదు. వంట అయ్యేదాకా కాల్ అట్లాగే ఉంటుంది. అందులో మాట్లాడుకునేది ఎంత? నిజం రాయాలంటే, దాదాపు ఏమీ లేదు.

జులై 18, శుక్రవారం
ఆయనకు చెప్పేశాను. వంట టైంలో వద్దు, తిన్నాక కూర్చుని మాట్లాడుకుందామని. సరే అన్నాడు. అంత తొందరగా సరే అంటాడనుకోలేదు.

జులై 22, మంగళవారం
తిన్నావా అన్నాడు. తిన్నానన్నాను. అవ్వ ఎట్లుందని వాళ్లమ్మ గురించి అడిగాడు. మంచిగుందన్నాను. ఇంకేంటన్నాడు.

కుర్చీలో కూర్చుని ఫోన్ చేత్తో పట్టుకుంటే ఇంటర్వ్యూకి పోయినట్టుంది.

జులై 25, శుక్రవారం
మెడ బాగా తిరుగుతోంది. గోడకు చేతులు ఆనించి నెట్టే ఎక్సర్‌సైజ్ కొత్తగా కలిపింది నవ్యశ్రీ. ఆయన నిన్న కాల్ చేయలేదు. ఇవాళ శుక్రవారం, అక్కడ సెలవు, అయినా చేయలేదు.

భయంగా ఉంది. మెడ నాకు తిరిగొస్తోంది, మనిషి పోతున్నాడు.

జులై 27, ఆదివారం
నేనే చేశాను. కోపమా అని అడిగేశాను. లేదన్నాడు. చాలాసేపు నసిగాడు. తర్వాత చెప్పాడు. నేను వంట చేసే టైంలోనే ఆయన మెస్ నుంచి తెచ్చుకున్న అన్నం తింటాడట. పప్పు నీళ్లలా ఉంటుందట. ఇన్నాళ్లూ నాకు తెలియదు.

"నాకు ముచ్చట్లు అక్కర్లే వనితా. నువ్వు పోపేసే సప్పుడు ఇనుకుంట తింటే ఇంట్ల తిన్నట్టుంటది."

నాకు మెడ నొస్తుందంటే ఈ మాట చెప్పబుద్ధి కాలేదట. ఇప్పుడు సగం అన్నంలోనే లేస్తున్నాడట. ఏడ్చాను. ఏడుస్తూనే నాకో అనుమానం వచ్చింది. చేతిలో కంచం ఉంటే ఫోన్ ఎట్లా పట్టుకుంటాడు? రూమ్‌లో ఎనిమిది మంది, స్పీకర్ పెట్టలేడు. ఎవరితోనైనా వెనక నుంచి ఫొటో తీయించి పంపమన్నాను. పిచ్చిదాన్ని అనుకుని ఉంటాడు.

జులై 28, సోమవారం
ఫొటో వచ్చింది. కుడి భుజం లేచి ఉంది, తల దాని మీదికి వాలి ఉంది. నొప్పి ఏడాది నుంచి ఉందట. షట్టరింగ్ వల్ల అనుకుని బామ్ రాసుకుంటున్నాడట.

ఆయన ఫొటో ఎడమ పక్కన, నాది కుడి పక్కన పెట్టి చూశాను. ఇద్దరి తలలూ ఆనుకున్నట్టున్నాయి.

జులై 30, బుధవారం
ఫోన్ ఇప్పుడు పోపు డబ్బా పక్కన, స్పీకర్ ఆన్. ఆయన ఇయర్‌ఫోన్స్ కొనుక్కున్నాడు. జవాబులన్నీ హాల్లోంచి అత్తమ్మే చెబుతోంది. చెప్పనీ.

ఆగస్టు 2, శనివారం
అక్కడ ఆయన, ఇక్కడ నేను, గడ్డం లోపలికి లాగి పట్టుకున్నాం. మాటల్లేవు.

"ఆవాల సప్పుడు ఆగింది, సూడు" అన్నాడు మస్కట్ నుంచి.

పోపు మాడింది.